ముదిమి మెట్లు: వృద్ధుల నివాసములను గూర్చి ఒక పాఠము



మన భివండీలో తెల్లవారుటకు కోడికూత గుర్తు కాదు, సాంచెల చప్పుడే గుర్తు. రాత్రి పాళీవారు దిగి పగటి పాళీవారు ఎక్కు కొద్ది నిమిషములలో మాత్రము ఆ చప్పుడు కొంత తగ్గును. ఆ వేళ గడప కడ కూర్చుండి దారిని చూచుచుండు తాతలను, అవ్వలను మీరెల్లరు ఎఱుగుదురు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి పడుగు పేకల విద్యను మాత్రమే మూట గట్టుకొని వచ్చిన తరము వారిది. 1982లో ముంబయి మిల్లులలో గొప్ప సమ్మె జరిగెను. ఆ తరువాత ఈ పట్టణమున సాంచెలు మఱింత పెరిగెను. అప్పుడు పడుచువారై వచ్చినవారు నేడు అఱువది యేండ్లు దాటియున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 40 లక్షలమంది. అనగా నూఱింట ఎనిమిది మందికి పైగా. 2050 నాటికి ఐదుగురిలో ఒకరు వృద్ధులగుదురని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023లో అంచనా వేసినది.

కావున ప్రతి యింటను ఒకనాడు ఒక ప్రశ్న పుట్టును: "తాతను ఎవరు చూచుకొందురు? ఎక్కడ ఉంచవలెను?" ఆ మాట వినగానే ఒకరు "వృద్ధాశ్రమము" అందురు. మఱియొకరు "కొడుకులుండగా వృద్ధాశ్రమమా?" అని కన్నీరు పెట్టుకొందురు. ఇద్దరును ఒకే పొరపాటు చేయుచున్నారు. వృద్ధాశ్రమమనునది ఒకే విధమైన వస్తువని ఇద్దరును తలంచుచున్నారు. అది నిజము కాదు. వృద్ధుల నివాససేవలో అనేకమైన మెట్లున్నవి. ఏ మెట్టు ఎవరికి తగునో తెలియక తొందరపడి చేర్చిన కుటుంబములు ధనమును, మనశ్శాంతిని కూడ పోగొట్టుకొనును. ఆ మెట్లను తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

కొలత ఎట్లు?

బట్టను గజముతో కొలుతుము. మనుష్యునకు కావలసిన సహాయమును దేనితో కొలువవలెను? వయస్సుతో కొలుచుట తప్పు. ఎనుబదియేండ్ల వృద్ధుడు స్వయముగా బజారునకు పోయి రావచ్చును. అఱువదియైదేండ్ల వాడు పక్షవాతముచే మంచము పట్టవచ్చును. రోగము పేరు కూడ చాలదు. ఒకే రోగము ఒకరిని కూలద్రోయును, మఱియొకరిని కొంచెము మాత్రమే బాధించును.

అమెరికా దేశమున సిడ్నీ కాట్జ్ అను వైద్యుడు 1963లో ఒక సులువైన కొలతను ప్రకటించెను. మనుష్యుని దినచర్యలో ఆరు పనులను చూడుమని ఆయన చెప్పెను. అవి స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయి వచ్చుట, మంచము దిగి కుర్చీలో కూర్చుండుట, మలమూత్రములను ఆపుకొనుట, అన్నము తినుట. వీనిలో ఎన్నింటిని ఇతరుల తోడు లేకుండ చేసికొనగలరో లెక్కించుటయే ఆ కొలత. సాధారణముగా స్నానమునకు మొదట సహాయము కావలసివచ్చును, అన్నము తినుటకు చివర కావలసివచ్చును. శిశువు నేర్చుకొనిన క్రమమునకు ఇది తలక్రిందులు.

1969లో లాటన్, బ్రోడీ అను ఇద్దరు మఱియొక పట్టికను కూర్చిరి. అందు ఎనిమిది పనులు కలవు: టెలిఫోనులో మాటలాడుట, సరకులు కొనుట, వంట చేయుట, ఇల్లు సవరించుట, బట్టలు ఉదుకుట, ప్రయాణము చేయుట, మందులు వేళకు వేసికొనుట, డబ్బు లెక్క చూచుకొనుట. మొదటి పట్టిక ఒంటిని గూర్చినది. రెండవది ఇంటిని గూర్చినది. రెండవ పట్టికలోని పనులు ముందుగా తప్పిపోవుచుండును. తాత పింఛను డబ్బును రెండుమార్లు లెక్కపెట్టి తికమకపడుచున్నాడన్నచో, ఆయన అన్నము చక్కగా తినుచున్నను, సహాయము కావలసిన కాలము సమీపించినదని గ్రహింపవలెను.

మెట్లు ఏవి?

*మొదటి మెట్టు: సొంత యిల్లు, తోడు.* వృద్ధుడు ఇంటనే ఉండును. కుటుంబమువారో, జీతమునకు వచ్చు మనిషియో కొన్ని పనులలో తోడ్పడుదురు. కొన్ని నగరములలో పగటి సంరక్షణ కేంద్రములు కూడ కలవు. ఉదయము దిగబెట్టి సాయంకాలము తీసికొనివత్తురు. ఇంటివారికి విశ్రాంతి కావలెనన్నచో కొన్ని చోట్ల రెండు మూడు వారములు మాత్రము ఉంచుకొను ఏర్పాటును చేయుదురు. ఇదియే చాలునప్పుడు ఇతరమైన మెట్టు ఎక్కవలసిన పని లేదు. డెన్మార్కు దేశము 1987లో చట్టము చేసి పాతపద్ధతి వృద్ధగృహములను క్రొత్తగా కట్టుట మాని, ఇంటికి పంపు సేవలను, వృద్ధులకు తగిన గృహములను పెంచినది. ధనిక దేశములు సహితము మొదటి మెట్టునే బలపరచుటకు ప్రయత్నించుట గమనింపదగినది.

*రెండవ మెట్టు: స్వతంత్ర నివాసము.* రెండు పట్టికలలోని పనులను దాదాపు అన్నింటిని చేసికొనగలవారికి ఇది తగును. గదియో, చిన్న యిల్లో తమదిగా ఉండును. భోజనశాల, కాపలా, పిలిచిన వచ్చు వైద్యుడు ఉమ్మడిగా ఉందురు. 1995లో ముంబయిలో ఏర్పడిన డిగ్నిటీ ఫౌండేషన్ నేరళ్ వద్ద కట్టించిన నివాసపల్లె ఈ కోవకు చెందినది. ఇట్టి చోట్ల సాధారణముగా పెద్ద మొత్తము ముందుగా చెల్లింపవలెను. కావున సాంచెల కూలివారికి ఇది అందుబాటులో ఉండుట అరుదు.

*మూడవ మెట్టు: సామాన్య వృద్ధాశ్రమము.* మన దేశమున వృద్ధాశ్రమమనగా చాలవఱకు ఇదియే. నీడ, తిండి, తోటివారు, సామాన్య వైద్యము లభించును. కాని పెక్కు ఆశ్రమములు నడువగలిగి, తమ ఒంటి పనులు తాము చేసికొనగలవారినే చేర్చుకొనును. ఈ సంగతి తెలియక మంచము పట్టిన వృద్ధుని తీసికొనిపోయి, గేటు వద్దనుండి మరలివచ్చు కుటుంబములు కలవు. పేదలకొరకు ఉచితముగా నడుపు ధర్మగృహములకు పూర్వచరిత్ర కలదు. 1839లో ఫ్రాన్సులో జాన్ జుగాన్ అను స్త్రీ ఒక అంధ వృద్ధురాలిని తన యింటికి తెచ్చి, తన మంచమును ఆమెకిచ్చెను. ఆ సేవనుండి 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' అను సంస్థ పుట్టెను. ఆ సంస్థ 1882లో కలకత్తాకు వచ్చెను. సికింద్రాబాదులోను, ముంబయిలోను కూడ దాని గృహములు వెలసెను.

*నాల్గవ మెట్టు: సహాయ నివాసము.* ఆరు పనులలో ఒకటి రెండింటికి చేయూత కావలసినవారికి ఇది తగును. స్నానము చేయించుటకు, బట్టలు కట్టుటకు, మందులు వేళకు ఇచ్చుటకు మనుష్యులుందురు. రాత్రివేళ మెలకువగా ఉండువారుందురు. తక్కిన పనులు వృద్ధుడే చేసికొనవలెను. చేసికొనగల పనిని కూడ లాగికొని చేసిపెట్టుట సేవ కాదు. వాడని కీలు బిగిసిపోవునట్లే వాడని శక్తియు తరిగిపోవును.

*ఐదవ మెట్టు: నిరంతర పరిచర్య.* మంచము దిగలేనివారు, గొట్టముతో ఆహారము తీసికొనువారు, పుండ్లు పడకుండ పలుమార్లు ప్రక్కకు త్రిప్పవలసినవారు ఈ మెట్టునకు చెందుదురు. ఇచట శిక్షణ పొందిన నర్సులు రేయింబవళ్ళు ఉండవలెను. ఒక మాటను గూర్చి జాగ్రత్త పడవలెను. పాశ్చాత్య దేశములలో 'నర్సింగు హోము' అనగా ఇట్టి దీర్ఘకాల నివాసము. మన పట్టణములలో నర్సింగు హోము అని పలక కట్టినది చిన్న ఆసుపత్రి. అచట రోగము కుదుర్చుదురుగాని సంవత్సరముల తరబడి ఉంచుకొనరు.

*ఆరవ మెట్టు: మతిమఱపు వ్యాధిగ్రస్తుల గృహము.* అల్జైమర్ మొదలగు వ్యాధులచే జ్ఞాపకము చెడినవారు కాళ్ళు గట్టిగా ఉండియు దారి తప్పుదురు. పొయ్యి వెలిగించి మఱతురు. కన్నకొడుకును పరాయివాడనుకొందురు. వీరికి తాళమును, త్రాడును కాదు కావలసినది. తిరుగుటకు భద్రమైన స్థలము, మాఱని దినచర్య, ఓపికగల మనుష్యులు కావలెను. ఈ వ్యాధిని గూర్చి పనిచేయు అఖిలభారత సంఘము 1992లో కేరళలో ఏర్పడెను. కేంద్ర ప్రభుత్వపు అటల్ వయో అభ్యుదయ యోజన యందును ఇట్టివారి గృహములకు సహాయము చేయు విధానము కలదు. నిరాశ్రయులైన 25 మందికి గృహములు, 50 మంది వృద్ధస్త్రీలకు గృహములు, మతిమఱపు వ్యాధిగ్రస్తులు కనీసము 20 మందికి గృహములు నడుపు సేవాసంస్థలకు ఆ యోజన ధనసహాయము చేయును.

*చివరి మెట్టు: ఉపశమన గృహము.* రోగము కుదురదని తేలినప్పుడు నొప్పిని తగ్గించి, గౌరవముతో సాగనంపు చోటు ఇది. సిసిలీ సాండర్సు 1967లో లండనులో ఇట్టి గృహమును స్థాపించి లోకమునకు దారి చూపెను. మన దేశమున మొదటిదియగు శాంతి ఆవేదనా సదనము 1986లో ముంబయి బాంద్రాలో వెలసెను. అది కేన్సరు రోగులకొరకు ఏర్పడినది.

మెట్లు అన్నంత మాత్రమున అందఱును వరుసగా అన్నియు ఎక్కుదురని తలంపరాదు. తుంటి యెముక విఱిగిన అవ్వ కొన్ని నెలలు ఐదవ మెట్టున ఉండి, మరల మొదటి మెట్టునకు రావచ్చును.

ఒక ఉదాహరణము

ఒక కుటుంబమును ఊహించుకొందము. తాతకు 74 ఏండ్లు. ఒకే గది, పైన అటక. కొడుకు పండ్రెండు గంటల పాళీ నడుపును. కోడలు ఇంటనే కండెలు చుట్టును. ఇద్దరు పిల్లలు బడికి పోవుదురు. తాత పిలిచిన పలుకడు. అడిగినదానికి వేఱొక సమాధానము చెప్పును. రెండుమార్లు స్నానపు గదిలో జాఱిపడెను. "మతి పోయినది, ఆశ్రమమున చేర్చుట మేలు" అని బంధువు ఒకడు సలహా చెప్పెను.

ఇప్పుడు కొలిచి చూతము. అన్నము తినగలడు, బట్టలు కట్టుకొనగలడు, దొడ్డికి పోయి రాగలడు, మంచము దిగగలడు, మలమూత్రములను ఆపుకొనగలడు. ఒక్క స్నానమునకే తోడు కావలెను. ఆరింట ఐదు నిలిచియున్నవి. ఇక 'మతి పోవుట' సంగతి. నలువదియేండ్లు సాంచెల నడుమ నిలిచినవాని చెవులు ఎట్లుండును? 85 డెసిబెళ్ళకు మించిన శబ్దమున దినమునకు ఎనిమిది గంటల చొప్పున ఏండ్ల తరబడి ఉన్నచో వినికిడి చెడునని వైద్యులు చెప్పుదురు. తాతకు మాట వినబడుట లేదేమో! వినబడని మనిషి తప్పు సమాధానము చెప్పినచో దానిని మతిభ్రంశమని నిర్ణయించుట అన్యాయము. అయితే వినికిడి లోపమును అశ్రద్ధ చేయుటయు తగదు. అది మతిమఱపు వ్యాధికి దోహదము చేయు కారణములలో ఒకటియని లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము 2020లోను, 2024లోను తెలిపినది. కావున మొదట చేయవలసినది చెవుల పరీక్ష, కన్నుల పరీక్ష. స్నానపు గదిలో పట్టుకొనుటకు ఒక కడ్డీ, జాఱని చాప, కూర్చుండుటకు ఒక పీట అమర్చవలెను. అంతటితో ఈ తాతకు మొదటి మెట్టు చాలును.

అదే తాత రాత్రివేళ తలుపు తీసికొని, 'ఊరికి పోవుచున్నాను' అని భివండీ రహదారిపై లారీల నడుమ నడచుచున్నాడనుకొనుడు. కోడలు మూడు నెలలుగా కంటినిండ నిద్ర లేక జబ్బుపడినదనుకొనుడు. అప్పుడు వైద్యపరీక్ష చేయించి ఆరవ మెట్టును గూర్చి ఆలోచించుట పాపము కాదు. ఇంట నుంచుకొనినంతనే సేవ కాదు, బయట నుంచినంతనే ద్రోహము కాదు. తల్లిదండ్రుల సేవ ముగియువఱకు విఠలుని ఇటుకపై నిలువబెట్టిన పుండలీకుని కథను ఈ దేశమున వినని వారు లేరు. ఆ కథలోని సారము శ్రద్ధ. చేర్చిన తరువాత మరల తొంగిచూడనివాడు, ఇంటనే ఉంచి పలుకరింపనివాడు, ఇరువురును శ్రద్ధ తప్పినవారే.

భాష అను మందు

ఇక మనవంటి అల్పసంఖ్యాక భాషవారికి మాత్రమే కలుగు చిక్కు ఒకటి కలదు. మతిమఱపు వ్యాధి ముదిరినప్పుడు తరువాత నేర్చుకొనిన భాషలు తొలగిపోయి, చిన్ననాటి భాష మిగులుట తఱచుగా జరుగును. ఏబదియేండ్లు మరాఠీ, హిందీ మాటలాడిన అవ్వ ఒకనాడు తెలుగు తప్ప మఱేమియు పలుకకపోవచ్చును. ఆ తెలుగు కూడ పుస్తకముల తెలుగు కాదు. "దూప అయితంది" అని ఆమె అడుగును. పరిచారకురాలికి అర్థము కాదు. నీళ్ళు అందవు. పిదప అవ్వ కేకలు వేయును. "మొండిది" అని పేరు పెట్టుదురు. దాహము రోగముగా మాఱును.

ఇచటనే, విద్యార్థులారా, మీ చదువునకు పని కలదు. తెలుగును, మరాఠీని రెండింటిని వ్రాయగలవారు ఇంటిలో పెక్కుమార్లు మీరొక్కరే. ఒక అట్టపై అవ్వ వాడు మాటను, దాని ప్రక్క మరాఠీ మాటను పెద్ద అక్షరములతో వ్రాయుడు. "దూప" అన్నచో "తహాన్ లాగ్లీ", "ఆకలైతంది" అన్నచో "భూక్ లాగ్లీ", "నొస్తంది" అన్నచో "దుఖతంయ్", "చలి పెడ్తంది" అన్నచో "థండీ వాజతే", "దొడ్డికి పోవాలె" అన్నచో "సండాస్‌లా జాయచం ఆహే". మరాఠీ మాటలను దేవనాగరి లిపిలో వ్రాయుడు. అట్ట క్రింద అవ్వ పేరు, ఆమె ఇష్టపడు తిండి, తినరాని తిండి, మందులు, కుటుంబమువారి ఫోను నంబరు చేర్చుడు. ఈ అట్ట ఆశ్రమమునకే కాదు, ఆసుపత్రికిని, ఇంటికి వచ్చు పనిమనిషికిని పనికివచ్చును.

చట్టము, ధనము

2007లో మన పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. 60 ఏండ్లు నిండినవారు దీని ప్రకారము వయోవృద్ధులు. తమను తాము పోషించుకొనలేని తల్లిదండ్రులు కొడుకులనుండియు, కూతుండ్రనుండియు పోషణధనమును కోరవచ్చును. ఇందుకు ట్రిబ్యునలు కలదు. దాని అధ్యక్షుడు మహారాష్ట్రమున ప్రజలు 'ప్రాంత' అధికారి అని పిలుచు అధికారికి తక్కువ కాని హోదా గలవాడై యుండవలెను. నోటీసు అందిన 90 దినములలో విచారణ ముగింపవలెనని నియమము. ప్రత్యేక కారణములున్నచో మఱి 30 దినములు పొడిగింపవచ్చును. పోషణధనపు గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. తన్ను చూచుకొనవలెనను షరతుతో ఆస్తి వ్రాసియిచ్చిన వృద్ధుని ఆ మీదట చూడనిచో, ఆ వ్రాతను రద్దు చేయుమని ట్రిబ్యునలును కోరవచ్చును. కావున ఇల్లు వ్రాసియిచ్చునప్పుడు ఆ షరతును పత్రములో వ్రాయించుట వివేకము. వృద్ధుని సంరక్షణ భారము వహించినవాడు ఆయనను పూర్తిగా విడిచిపెట్టు ఉద్దేశముతో ఎచటనైన వదలినచో మూడు నెలలవఱకు ఖైదు, లేదా 5,000 రూపాయలవఱకు జరిమానా, లేదా రెండును విధింపబడును. ప్రతి జిల్లాలోను కనీసము 150 మంది పేద వృద్ధులకు చోటుగల గృహమును రాష్ట్ర ప్రభుత్వములు క్రమముగా నెలకొల్పవచ్చునని కూడ ఆ చట్టము చెప్పినది. 'నెలకొల్పవలెను' అనలేదు, 'నెలకొల్పవచ్చును' అన్నది. ఆ ఒక్క క్రియాపదపు భేదము ఎంతదో మీ వ్యాకరణ పాఠమునుబట్టి ఆలోచింపుడు.

మహారాష్ట్రమున 65 ఏండ్లు నిండిన పేదలకు శ్రావణబాళ పేర పింఛను పథకము కలదు. 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవఱకు ఆసుపత్రి వైద్యము ఆయుష్మాన్ భారత్ క్రింద 2024 అక్టోబరునుండి లభించుచున్నది. ఇది ఆసుపత్రి ఖర్చునకేగాని ఆశ్రమపు ఖర్చునకు కాదు. సలహా కావలసినవారు 14567 అను ఉచిత నంబరునకు ఫోను చేయవచ్చును. అది వృద్ధులకొరకై ఏర్పడిన జాతీయ సహాయవాణి.

చూడబోవునప్పుడు

ఏ గృహమునైనను చూడక, కేవలము మాటపై చేర్చరాదు. తల్లిదండ్రులు ఈ ప్రశ్నలను వ్రాసికొని పోవుదురుగాక: రాత్రి ఎంతమంది మేలుకొని యుందురు? ఎంతమంది వృద్ధులకు ఒక పరిచారకుడు? జబ్బు చేసినచో ఏ ఆసుపత్రికి తీసికొనిపోవుదురు, ఖర్చు ఎవరిది? నడువలేని స్థితి వచ్చినచో ఉంచుకొందురా, పంపివేయుదురా? ముందు కట్టిన సొమ్ము ఎప్పుడు, ఎంత తిరిగియిత్తురు? ఏ వేళనైనను చూడవచ్చునా? తెలుగు తెలిసినవారు ఎవరైన కలరా? జవాబులను కాగితముపై తీసికొనవలెను. పిదప భోజనపు వేళ మఱొకమాఱు చెప్పకుండ పోయి చూడవలెను. వంటగది వాసన, వృద్ధుల గోళ్ళు, పడకల దుప్పట్లు అనేక విషయములు చెప్పును. అన్నింటికంటె ముందు వృద్ధునే అడుగవలెను. ఆయన జీవితమును గూర్చి ఆయన లేని చోట నిర్ణయము చేయుట మర్యాద కాదు.

మన పెద్దలు ఒక్కొక్క పోగును కలిపి ఈ పట్టణమున మనకొక నీడను నేసిరి. తెగిన పోగును నేతగాడు విడిచిపెట్టడు. సాంచె ఆపి, వెదకి ముడివేయును. వారి ముదిమియందు మనము చేయవలసిన పనియు అంతే.

అభ్యాసము

1. కాట్జ్ చెప్పిన ఆరు పనులేవి? మీ యింటి పెద్దలు వానిలో ఎన్నింటిని స్వయముగా చేసికొనుచున్నారు?
2. వినికిడి లోపమునకును మతిమఱపునకును భేదము నెట్లు కనిపెట్టవలెను?
3. మన పట్టణమున 'నర్సింగు హోము' అను మాటకు అర్థమేమి? పాశ్చాత్య దేశములలో అర్థమేమి?
4. మీ అవ్వనో తాతనో అడిగి, వారు నిత్యము వాడు ఇరువది మాటలను సేకరించి, మరాఠీ అర్థములతో ఒక అట్టను తయారు చేయుడు.
5. "మీకు నడువ శక్తి లేనినాడు ఎచట ఉండుట ఇష్టము?" అని మీ యింటి పెద్దలను అడిగి, వారి జవాబును వారి మాటలలోనే వ్రాయుడు. దానిని మీ తల్లిదండ్రులకు చదివి వినిపింపుడు.